ప్రతిజ్ఞలో దుర్గ వంతు

రిటైర్ కావడానికి మూడేళ్ళ ముందు, జూన్‌లో బడులు తెరిచిన వారానికే నన్ను తెనాలి నుంచి కర్లపాలెం మండలానికి మార్చారు. నేను సహిత విద్య రిసోర్స్ టీచర్‌ని. వైకల్యమున్న పిల్లలకు భవిత కేంద్రంలో శిక్షణ ఇవ్వడం, వాళ్ళు చదివే బడులకు వెళ్ళి మామూలు తరగతిలో కుదురుకునేలా చూడడం మా పని. చాలామంది మమ్మల్ని ఫిజియోథెరపీ మేడమ్ అనేవాళ్ళు. మొదట్లో సరిదిద్దేదాన్ని, తర్వాత ఓపిక పోయింది.

దుర్గ నాలుగో తరగతి. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కండరాలు చెప్పినట్టు వినవు. నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. తెలివికి మాత్రం లోటు లేదు. నేను కళ్ళజోడు సర్దుకునే తీరును అనుకరించి వాళ్ళమ్మను నవ్వించేది. వాళ్ళమ్మ నాగమణి పొద్దున్నే చేపలమ్మి, ఖాళీ గంపతోనే పిల్లను కేంద్రానికి తెచ్చేది.

దసరా సెలవుల తర్వాత నాగమణి ఒక్కతే వచ్చింది.

"బడికి పోనంటందండి మేడంగారూ. ఎంత చెప్పినా లెగట్లేదు," అంది. ఎవరైనా ఏడిపిస్తున్నారా అని అడిగాను. "లేదండి. టీచరుగారు బంగారం. దీన్ని ఒక్క మాటా అనరండి," అంది.

నా అనుమానం ఆ మాట దగ్గరే మొదలైంది. వాళ్ళింటికి వెళ్ళి దుర్గను కూర్చోబెట్టి అడిగాను. ఆ బడిలో ఉదయం ప్రార్థనప్పుడు, హాజరు వరసలో రోజుకొకరు ముందు నిలబడి ప్రతిజ్ఞ చెప్పిస్తారు. దుర్గ వంతు వచ్చిన ప్రతిసారీ టీచరు తర్వాతి పిల్లను పిలిచిందట. "నేను లేనా?" అంది దుర్గ. ఆ రెండు మాటలకే చాలాసేపు పట్టింది.

బడికి వెళ్ళి అడిగితే తరగతి టీచరు సుభాషిణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిల్లలు నవ్వితే దుర్గ తట్టుకోలేదని, పాపమనే వదిలేశానని చెప్పింది. ఆవిడ మంచి మనిషి, అదే చిక్కు. చెడ్డవాళ్ళతో అయితే నేను హాయిగా పోట్లాడేదాన్ని.

ప్రతిజ్ఞ చెప్పించేవాళ్ళు ఒక ముక్క అంటే మిగతావాళ్ళు దాన్ని తిరిగి అంటారు. అందరికీ కంఠతా వచ్చు కనక మాట ముద్దగా ఉన్నా ఇబ్బంది లేదు. వాళ్ళు అనేలోపు దుర్గకు ఊపిరి అందుతుంది. వాక్ శిక్షణకు ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదని ఆవిడకు వివరించాను. అరమనసుతోనే ఒప్పుకుంది. వంతు ఇస్తారన్నాక దుర్గ బడికి వచ్చింది. ప్రతిజ్ఞను ఊపిరికి సరిపడే ముక్కలుగా విడగొట్టి కేంద్రంలో రోజూ చెప్పించాను.

దుర్గ వంతు వచ్చిన ఉదయం నేనూ బడికి వెళ్ళాను. మొదటి ముక్కకే వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సగంలో దుర్గకు గొంతు పెగల్లేదు. తర్వాతి మాట అందరికీ తెలుసు. కానీ ముందున్నవాళ్ళు అనందే ఎవరూ అనకూడదన్నది అక్కడి పద్ధతి. వరసలన్నీ అలాగే ఆగాయి. సుభాషిణి అందించబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. చివరికి దుర్గే అంది, పిల్లలంతా తిరిగి అన్నారు. అలా ఆఖరిదాకా వచ్చింది.

"ఏంటే దుర్గా, మధ్యలో ఒక వాక్యం మింగేశావు? మళ్ళీ మొదట్నుంచి చెప్పు!" అని సుభాషిణి కసిరింది, మిగతా పిల్లల్ని కసిరినట్టే. మరుక్షణం నాలుక కరుచుకుంది. దుర్గ ముఖం మాత్రం వెలిగిపోయింది. మళ్ళీ చెయ్యి చాచి మొదలుపెట్టింది.

వంతూ చివాట్లూ అందరితో సమానంగా దక్కని పిల్ల పేరుకే ఆ తరగతిలో ఉన్నట్టు. అప్పటి నుంచి ఏ బడికి వెళ్ళినా టీచర్లను ముందుగా ఒకటే అడిగేదాన్ని: ఈ పిల్లను మీరు చివరిసారి ఎప్పుడు కసిరారండీ?