పెతీతా ఆదివారాలు

గ్వాస్మో పేట నుంచి మలెకోన్ అనే నదిగట్టుకు బస్సులో ముప్పావుగంట. జనం ఎక్కువైతే గంట, పండగరోజు గంటన్నర. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ లైను మీద బస్సు నడిపినవాణ్ణి, నా మాట నమ్మండి. ఆదివారం వచ్చిందంటే మా గ్వాయకీల్ నగరం జనానికి నది గుర్తొస్తుంది. పిల్లలకు తలలు దువ్వి, ముసలివాళ్ళ చేతులు పట్టుకుని, ఐస్‌క్రీము కావాలని ఏడ్చేవాళ్ళను ఈడ్చుకుంటూ అందరూ నా బస్సే ఎక్కేవాళ్ళు. వాళ్ళను గట్టు దగ్గర దింపి, బస్సు తిప్పుకుని వచ్చేసేవాణ్ణి. చివరి ఏడాది దాకా ఒక్కసారైనా దిగి గట్టు అంచు కమ్మీల దగ్గర నిలబడిన పాపాన పోలేదు. అప్పటిదాకా నేను నదిని చూసిందంతా బస్సు అద్దంలోంచే.

ఆ ఎక్కేవాళ్ళలో ఒకావిడ గురించి చెప్పాలి. పేరు పెతీతా కిమీ. చందూయ్ అనే సముద్రపుటూళ్ళో పుట్టింది. పదిహేనో ఏట ఇళ్ళల్లో పనికని నగరానికి వచ్చింది, మళ్ళీ వెళ్ళలేదు. మొగుడు రేవులో అరటిగెలలు మోసేవాడు, జ్వరమొచ్చి వారంలో పోయాడు. ఒక్కడే కొడుకు, లెనిన్. మా పేటలో రాయి విసిరితే ఒక లెనిన్‌కో ఒక వాషింగ్టన్‌కో తగులుతుంది, పేర్లు పెట్టడంలో మాకు ధైర్యం ఎక్కువ. పెతీతా నలుగురి బట్టలు ఇస్త్రీ చేసి వాణ్ణి పెంచింది. ముంజేతి మీద వరసగా కాలిన మచ్చలుంటాయి. "ఇదిగో ఇది వాడు బళ్ళో చేరిన ఏడు, ఇది వాడికి ఆటలమ్మ పోసిన ఏడు" అని చూపించేది.

పందొమ్మిదేళ్ళకు లెనిన్‌కు నది అవతల దురాన్‌లో బియ్యం మిల్లులో పని దొరికింది. పడక కూడా అక్కడే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు తల్లీకొడుకులు మలెకోన్ మీద కలిసేవాళ్ళు. వాడు అటునుంచి స్నేహితుల పడవలో, ఈమె ఇటునుంచి బస్సులో. గడియార స్తంభం దగ్గర బెంచీ మీద ఆమె గిన్నె మూత తీసేది, వాడు తినేవాడు. మూడింటికి మిల్లులో షిఫ్టు కాబట్టి రెండింటికల్లా మళ్ళీ పడవెక్కాలి. వారానికి ఆ ఒక్క గంటే వాళ్ళ సంసారం.

ఒక ఏడు నగరం పండగ, అక్టోబరు తొమ్మిది, ఆదివారం పడింది. ఊరు ఊరంతా గట్టుకు బయలుదేరింది. ఒంటిగంటకు చేరాల్సిన పెతీతా రెండూ పదికి చేరింది. అప్పటికి లెనిన్ చూసి చూసి పడవెక్కేశాడు. ఆటు సమయం, నీళ్ళు సముద్రంవైపు జోరుగా లాగుతున్నాయి. నీటి మీద తేలే గుర్రపుడెక్క కింద కొట్టుకొస్తున్న ఒక మాను తగిలి పడవ బోల్తాపడింది. స్నేహితులిద్దర్నీ జాలర్లు పైకి లాగారు. లెనిన్ దొరకలేదు.

మా నది రెండువైపులా పారుతుంది. ఆటుకు గుర్రపుడెక్క కిందికి, సముద్రంవైపు పోతుంది, పోటుకు అదే డెక్క తిరిగి పైకి వస్తుంది. పడవవాళ్ళు ఆమెతో, "మూడు రోజులు చూడమ్మా, ఆటుకి పోయినవాడు పోటుకి తిరిగొస్తాడు" అన్నారు. వాళ్ళు శవం సంగతి చెప్పారు. ఆమె మాత్రం కొడుకే వస్తాడని పట్టుకుంది. మూడు రోజులు పద్ధెనిమిదేళ్ళయ్యాయి.

ఇదంతా నాకు మొదట తెలియదు. ఆదివారం పదకొండున్నరకు మందుల షాపు మలుపులో ఎక్కే ఒక మనిషి, అంతే. రెండేళ్ళ తర్వాత ఒకసారి దారిలో టైరు పేలింది. జనమంతా నన్ను తిట్టి వెనక బస్సెక్కిపోయారు. ఆమె మాత్రం కాలిబాట మీద నా పక్కన కూర్చుంది. "ఇంకా టైముంది, నీతోనే వస్తాలే" అంది. అప్పుడు చెప్పింది.

"పండగ కదా నాయనా, బస్సులన్నీ కిక్కిరిసి ఉన్నయ్. నా చేతిలో పులుసు గిన్నె. వేరుశెనగ పులుసులో అరటికాయ ఉండలు, వాడికి ప్రాణం. నిలబడితే ఒలికిపోద్ది. కూర్చునే చోటుంటేనే ఎక్కుదామని రెండు బస్సులు వదిలేశా. నా సుఖం చూసుకున్నా. వాడు అలిగాడు."

"అలగడమేంటి పెద్దమ్మా?"

"నీకు తెలీదు, వాడి అలకలు నాకు తెలుసు. చిన్నప్పుడు ఒకసారి రొట్టె లేటయిందని రెండురోజులు మంచం కింద ఉన్నాడు. ఎంత పిలిచినా పలకలా. నేనే ఓపిగ్గా కూర్చుంటే బయటికొచ్చాడు. ఇప్పుడూ అంతే. టైముకి నేనక్కడ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు."

మందుల షాపు మలుపు, గళ్ళగుడ్డలో కట్టిన గిన్నె, పైకెత్తిన చెయ్యి. నాకు బాగా గుర్తు. ఆ రెండో బస్సు నాది.

మా పని ఎలాంటిదో చెబితే గానీ మీకు అర్థం కాదు. దారిలో మూడుచోట్ల గడియారాలుంటాయి. ఒక్కోదాని దగ్గర డ్రైవరు తన కార్డు మీద టైము గుద్దించుకోవాలి. నిమిషం ఆలస్యమైనా సాయంత్రం డిపోలో పెద్దమనిషి అందరి ముందూ గడ్డి పెడతాడు. అందుకే మేము ఒకరినొకరు తరుముకుంటూ పోతాం. ఆ పండగరోజు నేను మూడు నిమిషాలు వెనకబడ్డాను. మెట్ల మీద జనం వేలాడుతున్నారు. కానీ నా పక్కన ఇంజను పెట్టె మీద చోటుంది. అక్కడ ఎప్పుడూ ఒక మనిషికి చోటుంటుంది. గిన్నె పట్టుకున్న ఆడమనిషి ఎక్కి సర్దుకోవాలంటే ఎంతసేపు పడుతుంది? రెండు నిమిషాలు. ఆమె చెయ్యెత్తింది. నేను ఆమె మొహంలోకి చూశాను. చూసి, యాక్సిలరేటరు తొక్కాను.

ఆమె రెండు బస్సులు వదల్లేదు. ఒకటే వదిలింది. ఆ సంగతి ఆమెకు గుర్తులేదు, నాకుంది. ఆ కాలిబాట మీదే చెప్పేసి ఉండాల్సింది. టైరు బిగించి, చేతులు తుడుచుకుని, "పద పెద్దమ్మా, టైమవుతోంది" అన్నాను. అదీ నా మగతనం.

అప్పటినుంచి నా వెనక సీటు ఆమెది. ఎవరైనా కుర్రాడు కూర్చుంటే, "లే, అది పెద్దమ్మది" అనేవాణ్ణి.

"ఏం, ఆమె పేరు రాసుందా?" అనేవాడు.

"నీ వీపు మీద రాస్తా, లే!"

బస్సంతా నవ్వేది. ఆమె సిగ్గుపడి, "పోన్లే ఉబాల్డో, పిల్లాడు" అనేది. మలుపులో ఆమె కనపడకపోతే ఆగి హారన్ కొట్టేవాణ్ణి. జనం నన్ను నానా మాటలూ అనేవాళ్ళు. నీ అత్తగారా అని కూడా అడిగారు. ఆమె నాకోసం ఆకులో చుట్టి అరటికాయ ఉండలు తెచ్చేది. "నీలాంటి మంచి డ్రైవరు ఆ రోజు తగిలుంటేనా" అనేది. ఆ ఉండ నోట్లో పెట్టుకుని నమలలేక, మింగలేక, దారి చూస్తున్నట్టు నటించేవాణ్ణి. మనిషికి ఇంతకంటే శిక్ష ఏముంటుందో నాకు తెలియదు.

నవంబరు రెండున వాళ్ళ ఊరివాళ్ళు చనిపోయినవాళ్ళకు బల్ల వేస్తారు. తెల్లగుడ్డ పరిచి, పోయిన ఒక్కొక్కరికీ ఒక కంచం, ఇష్టమైన తిండి, నీళ్ళు, ఒక కొవ్వొత్తి. మిట్టమధ్యాహ్నం తలుపు బార్లా తీసి ఇంటివాళ్ళంతా పెరట్లోకి వెళ్ళిపోతారు. పోయినవాళ్ళు వచ్చి తిన్నంతసేపు తినాలి కదా. ఆ తర్వాత ఇరుగుపొరుగు వచ్చి ప్రార్థన చేసి ఆ కంచాల్లోది తింటారు. పెతీతా ఇంట్లో ఎప్పుడూ రెండే కంచాలు, తల్లికీ మొగుడికీ. ఆడపడుచు దియోసెలీనా ఏటా గొడవ పెట్టుకునేది. నేను స్వయంగా విన్నాను, నా బస్సులోనే.

"అందరూ తింటుంటే పిల్లాడు గడప బయట ఆకలితో నిలబడి ఉంటాడు వదినా. నీకు దయ లేదా?"

"బతికున్నవాడికి చచ్చినోళ్ళ కంచం పెట్టమంటావా? నోరు కడుక్కో!"

"ఇన్నేళ్ళయింది వదినా!"

"అయితే? మొండివాడు, వాళ్ళ నాన్న పోలిక. మీ వంశమే అంత."

కిందటేడు నా కళ్ళలో పొర కమ్ముతోందని లైసెన్సు మళ్ళీ ఇవ్వలేమన్నారు. డిసెంబరుతో బస్సు దిగిపోవాలి. దిగేలోగా ఆమెకు చెప్పేయాలనుకున్నాను. నిజం ఆమెకు మేలు చేస్తుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఇన్నేళ్ళు చెయ్యని తప్పు మోస్తోంది, దించితే హాయిగా ఉంటుంది కదా అనుకున్నాను. అసలు హాయి ఎవరికి కావాలో అప్పుడు ఆలోచించలేదు.

అక్టోబరు చివరి ఆదివారం గట్టు దగ్గర జనం దిగాక బస్సుకు తాళం వేసి ఆమె వెంట నడిచాను. "ఏంటి, ఇవాళ నువ్వు కూడా షికారా?" అని నవ్వింది. కమ్మీలు పట్టుకుని నిలబడ్డాం. పోటు మీదుంది నది. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా పైకి పోతోంది. ఆమె ఒక్కో గుంపునూ చూసి వదిలేస్తోంది.

"పెద్దమ్మా, ఆ రోజు నువ్వు రెండు బస్సులు వదల్లేదు."

"వదిలాను, నాకు తెలీదా?"

"రెండోదానికి చెయ్యెత్తావు. అది ఆగలేదు. ఆ బస్సు నాది."

ఆమె నావైపు తిరిగింది. ఆమె మొహంలో కోపం కోసం వెతికాను, కనపడలేదు. "చెయ్యెత్తానా?" అంది.

"ఎత్తావు. గిన్నె కింద పెట్టి మరీ ఎత్తావు."

"బాగా గుర్తుందా నీకు?"

"దేవుడి మీద ఒట్టు."

"నిలబడైనా వద్దామనుకున్నానన్నమాట" అంది, తనలో తను. తర్వాత బెంచీ మీద కూర్చుంది. గడియారం ఒంటిగంట కొట్టింది. ఆమె తలెత్తలేదు. "వెళ్ళు నాయనా, నీ కార్డుకి టైమవుద్ది" అంది. నేను వెళ్ళిపోయాను. పోతూ పోతూ తేలిగ్గా ఊపిరి తీసుకున్నాను కూడా, ఆ సంగతి దాచను.

నవంబరు రెండున ఇంటికి రమ్మని దియోసెలీనాతో కబురు పంపింది. క్షమించిందనుకున్నాను. మంచి చొక్కా వేసుకుని, రొట్టెలు కొనుక్కుని, ముప్పై ఏళ్ళకు మొదటిసారి నా లైను బస్సులో ప్రయాణికుడిగా వెళ్ళాను. పెరట్లో పదిమంది ఉన్నారు. తలుపు తీసి ఉంది. వేళ అయ్యాక పెతీతా లోపలికి పిలిచింది.

బల్ల మీద మూడు కంచాలున్నాయి.

మూడోదాని ముందు కుర్చీ లాగి, "కూర్చో" అంది నాతో. వేరుశెనగ పులుసు, అందులో రెండు అరటికాయ ఉండలు. దియోసెలీనా గోడకు ఆనుకుని చేత్తో నోరు మూసుకుంది. పద్ధెనిమిదేళ్ళు పోట్లాడి గెలిచిన మనిషి, వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"తిను ఉబాల్డో. వాడు తినేశాడు, ఇంక నీదే."

చెంచా తీసుకున్నాను. ఎత్తబోతే పులుసు తెల్లగుడ్డ మీద ఒలికింది. "నన్ను క్షమించు పెద్దమ్మా" అన్నాను.

"నీమీద నాకేం కోపం లేదు. బస్సన్నాక ఒకసారి ఆగుద్ది, ఒకసారి ఆగదు. నీకేం తెలుసు పాపం, ముందేం జరుగుద్దో." ఆమె నా పక్కన కూర్చుని గుడ్డ మీది మరకను వేలితో తుడుస్తోంది. "ఈ నాలుగు రోజులూ ఆలోచించా. తప్పు నాదనుకున్నంతకాలం వాడు నామీద అలిగాడు. అలిగినవాడు ఎప్పటికైనా వస్తాడు. నేను చెయ్యెత్తానని నువ్వు ఒట్టేసి చెప్పావు. మరి నామీద అలగడానికి వాడికేముంది? ఏమీ లేదు. అలగనివాడు పద్ధెనిమిదేళ్ళు తల్లి దగ్గరికి రాకుండా ఉంటాడా?"

నేను చెంచా కంచంలో పెట్టేశాను.

"ఉండడు. బతికుంటే ఉండడు" అంది. "అందుకే కంచం పెట్టా."

కొడుకును ఆ నది ఒకసారి తీసుకుపోయింది. రెండోసారి నేను తీసుకుపోయాను, నా గుండె బరువు దించుకోవడానికి. అది నాకు ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. చనిపోయినవాళ్ళ కంచంలో మెతుకు మిగిలిస్తే తప్పు. ఏడుస్తూనే మొత్తం తిన్నాను. ఆమె ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు, నేను తినేదాకా కొడుకును చూసుకున్నట్టే చూస్తూ కూర్చుంది.

కంచం ఖాళీ అయ్యాక దాన్ని తన వైపు లాక్కుని, నన్ను అడిగింది:

"ఇంక ఆదివారాలు నేనేం చెయ్యాలో కూడా నువ్వే చెప్పు నాయనా."