సీతాయమ్మ గారు తీసేసిన చిటికెడు

2005 వర్షాకాలం. బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తయింది. పెళ్లి కుదిరేలోపు ఇంట్లో ఊరికే ఉండడం ఎందుకని ఏలూరులో మా నాన్న తుపాకుల కొట్లో కూర్చోవడం మొదలుపెట్టాను. ఆ మాట చెబితే ఇప్పటికీ నన్ను వింతగా చూస్తారు కానీ, అది చాలా నిదానమైన వ్యాపారం. లైసెన్సు ఉన్నవాళ్లే గడప ఎక్కుతారు. కొల్లేటికోట వైపు నుంచి చేపల చెరువుల వాళ్లు పిట్టల్ని బెదరగొట్టే పాత గన్నులు మరమ్మతుకి తెచ్చేవారు. రైఫిల్ ఉన్నవాళ్లు చాలా తక్కువ. వాళ్లు తాడేపల్లిగూడెం పైన మెట్ట ఊళ్ల నుంచి వచ్చేవారు. మొక్కజొన్న చేలమీద అడవి పందులు పడినప్పుడు, అటవీశాఖ అనుమతి తెచ్చుకుని ఊరివాళ్లు పిలిచేది వీళ్లనే.

కంపెనీ తూటాలు ఎప్పుడు దొరుకుతాయో తెలియని రోజులవి. అనుమతి ఉన్న ఒకరిద్దరు పెద్దవాళ్లు, కాల్చేసిన తూటాల ఇత్తడి కేసుల్ని పారేయకుండా మళ్లీ నింపుకునేవారు. దీన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. కేసులో కొత్త ప్రైమర్, అంటే నిప్పు పుట్టించే చిన్న మూత పెట్టి, పౌడర్ తూచి పోసి, పైన బుల్లెట్ బిగిస్తారు. వినడానికి సులువే. అసలు పని ఏ బుల్లెట్‌కి ఏ పౌడర్ అన్నది ఎంచడంలో ఉంది. బరువైన బుల్లెట్‌కి నిదానంగా కాలే పౌడర్ కావాలి. తేలిక బుల్లెట్‌ని మెత్తగా పంపాలంటే తొందరగా కాలే పౌడర్, అదీ చాలా కొంచెం. చూపుకి రెండూ నల్లటి రవ్వలే. నాన్న వాటిని ఎప్పుడూ ఒకే బల్లమీద పెట్టేవారు కాదు.

రామభద్రరాజు గారు అలా నింపుకునే పెద్దవాళ్లలో ఒకరు. ఆ ఏడు మోటారు సైకిలు మీంచి పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నారు. లోపల ప్లేటు వేశారు. భార్య సీతాయమ్మ గారిని వెంటబెట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంటూనే అన్నారు:

"సాయిబు గారూ, నా రైఫిల్ నామీద పగబట్టిందండీ. కాల్చినప్పుడల్లా గాడిద తన్నినట్టుంటోంది."

"మానెయ్యండి అంటే వినరండీ," అన్నారు సీతాయమ్మ గారు. "ఆ పందులు ఈయనకి చుట్టాలా? ప్రతిసారీ ఈయనే వెళ్లి పలకరించాలా?"

"నేను వెళ్లకపోతే ఊరి చేలన్నీ నువ్వు కాస్తావా?"

"కాస్తాను. గరిటె పట్టుకుని నిలబడితే మిమ్మల్నే పరిగెత్తించాను, పందులెంత?"

నాన్న నవ్వి, గాజు అలమార తెరిచారు. "తేలిక బుల్లెట్ వేద్దాం రాజు గారూ. పౌడర్ కూడా మారుద్దాం. తన్నడం సగానికి పైగా తగ్గుతుంది. కానీ దగ్గర నుంచే కాల్చాలి మరి."

"పిలవకపోయినా పంది నా దగ్గరికే వస్తుందిలెండి."

ఆ ఇంట్లో పౌడర్ తూచేది సీతాయమ్మ గారే. పెళ్లయిన కొత్తల్లో నేర్చుకున్నారట. ఆయన బుల్లెట్లు బిగిస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని చిన్న త్రాసులో తూచి అందించేవారు. అందుకే నాన్న కొత్త కొలత ఆవిడకే చూపించారు. త్రాసు పళ్లెంలో అడుగు కూడా సరిగ్గా కప్పనంత పౌడర్. "ఇంతేనా?" అని ఆశ్చర్యపోయారావిడ. "ఇంతేనమ్మా. దీనికి పైకీ వద్దు, కిందకీ వద్దు," అన్నారు నాన్న.

రాజు గారు ముందు నడుస్తుంటే ఆవిడ మెట్ల దగ్గర ఆగి నన్ను అడిగారు.

"పాపా, తన్నేది పౌడరేనా?"

"పౌడరూ, బుల్లెట్ బరువూ రెండూనండీ."

"అయితే ఇంకాస్త తగ్గిస్తే ఇంకా మెత్తగా ఉంటుందిగా?"

"తగ్గించకూడదండీ. చాలకపోతే బుల్లెట్ గొట్టంలోనే ఆగిపోతుంది. అది తెలియక వెనకాలే ఇంకోటి కాలిస్తే గొట్టం పేలిపోతుంది."

"అమ్మో," అని గుండెమీద చెయ్యి వేసుకున్నారు. విన్నారు. అర్థమైంది కూడా. ఆ సంగతి నేను మర్చిపోలేను.

దీపావళి వెళ్లాక కబురు వచ్చింది. చేలో పంది ఎదురుగా ఉండగా మొదటి తూటా తుస్సుమందట. పంది ఆయన వైపు తిరిగిందట. ఆయన గబగబా రెండో తూటా ఎక్కించి కాల్చారు. గొట్టం చీలిపోయింది. ఎడమ చేతి వేళ్లు పోయాయి. ఒక కన్ను పోయింది, రెండో కంటికి వెలుతురు తప్ప ఏమీ ఆనడం లేదు. పోలీసులకి మాత్రం తన రైఫిల్ పాతదని చెప్పారు. కేసు కాలేదు.

కొన్నాళ్లకి సీతాయమ్మ గారు ఒక్కరే మా కొట్టుకి వచ్చారు. సంచిలోంచి రేకు పెట్టె తీసి బల్లమీద పెట్టారు.

"మిగిలినవండీ. మీకు చూపించి రమ్మన్నారు ఆయన."

నాన్న ఒక తూటా బుల్లెట్ ఊడదీసి పౌడర్‌ని ఆ కొలతకి సరిపెట్టిన త్రాసులో పోశారు. పళ్లెం కదల్లేదు. ఇంకోటి తీశారు. అదీ తక్కువే, కానీ మొదటిదాని అంత కాదు. మరోటి మరోలా ఉంది. త్రాసు తప్పయితే అన్నీ ఒకేలా తగ్గుతాయి. ఇవి వేళ్లతో తీసినవి. ఆవిడే చెప్పారు.

"సరిగ్గానే తూచానండీ. మీరు చెప్పిన దగ్గరికి వచ్చాకే, ఒక్కో దాంట్లోంచి చిటికెడు తీశాను. ఈ పాప చెప్పింది, తగ్గించొద్దని. చిటికెడే కదా అనుకున్నాను. రాత్రుళ్లు భుజం పట్టుకుని కూర్చుంటారండీ ఆయన."

చిటికెడంటే తగ్గించడం కాదని ఆవిడ నమ్మకం. పాత పౌడర్ రోజుల్లో కేసు నిండుగా ఉండేది. అందులోంచి చిటికెడు పోతే గురి కాస్త తప్పేదేమో. ఇక్కడ ఉన్నదే అంత. అందులో చిటికెడంటే సగానికి దగ్గర.

"ఆయనకి తెలుసా అమ్మా?" అన్నారు నాన్న.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఏమని చెప్పమంటారండీ?"

"నన్ను అడగకండమ్మా," అన్నారు నాన్న.

ఆవిడ ఇంటికి వెళ్లి ఏం చెప్పారో మాకు వారంలోనే తెలిసింది. కొల్లేరు నుంచి వచ్చిన చెరువు రైతు గన్ను వెనక్కి అడిగి తీసుకుంటూ, "మీ సరుకు తేమ పట్టిందంట కదండీ సాయిబు గారూ, పాపం రాజు గారు," అన్నాడు. నాన్న అవునని అనలేదు, కాదనీ అనలేదు. తర్వాత మెట్ట నుంచి రావలసినవాళ్లు రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మీ పేరు పోతోంది నాన్నా. చెప్పెయ్యండి."

"ఆయనకి ఇప్పుడు ఆవిడ చెయ్యి తప్ప ఇంకేం ఉందమ్మా?"

"మరి మనకి?"

ఆయన త్రాసు తుడిచి అలమారలో పెట్టేశారు.

నేనే చెబుదామని బస్సెక్కి తాడేపల్లిగూడెం దాటి వాళ్ల ఊరు వెళ్లాను. రాజు గారు వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. నా గొంతు గుర్తుపట్టారు.

"ఏలూరు అమ్మాయివా? రా కూర్చో. మీ నాన్న కుశలమేనా? ఇంకా తడి సరుకే అమ్ముతున్నాడా?" నవ్వారు. "కోపం లేదని చెప్పు. నమ్మానంతే."

సీతాయమ్మ గారు లోపల నుంచి కంటి చుక్కల సీసాతో వచ్చారు. ఆయన మాట ఆపి, అడగకుండానే తల వెనక్కి వాల్చారు. ఆవిడ సీసా వంచారు. చుక్క సరిగ్గా పడింది.

"చూశావా?" అన్నారాయన కళ్లు మూసుకుని. "ఇన్నేళ్లలో ఈవిడ కొలత ఒక్కసారీ తప్పలేదు."

ఆవిడ నావైపు చూశారు. చెప్పమనీ లేదు, వద్దనీ లేదు ఆ చూపులో. అన్నీ అయిపోయిన మనిషి చూపు. నేను మజ్జిగ తాగి, లేచి వచ్చేశాను.

మరో ఏడాదికి నాన్న లైసెన్సు తిప్పి ఇచ్చేసి కొట్టు మూసేశారు. రాజు గారు ఏమీ తెలియకుండానే పోయారని ఆ తర్వాత విన్నాను. అప్పటికైనా ఆవిడ ఎవరికైనా చెప్పారేమోనని ఎదురు చూశాను. చెప్పలేదు. నాన్న ఇప్పటికీ బజారుకి వెళ్తే పాత ఖాతాదారులు కనబడకుండా అవతలి పక్క నుంచి నడుస్తారు.

జాగ్రత్తలు వివరంగా చెబితే చాలని ఆ కొట్లో కూర్చున్నన్నాళ్లూ అనుకున్నాను. సీతాయమ్మ గారికి వివరంగానే చెప్పాను. భయపడేవాళ్లు కొలత దగ్గర ఆగలేరు. వాళ్ల చెయ్యి ఇంకో చిటికెడు ప్రేమ చూపించకుండా ఉండలేదు. ఆ ప్రమాదం నాకు నేర్పింది ఇదే. దీనికి విరుగుడేమిటో మాత్రం నేర్పలేదు.

మా పాపకి రెండో ఏడు. మూడు రోజులుగా జ్వరం. ఇందాక సిరప్ పోస్తూ కప్పుమీద గీత దగ్గర ఆగాను. చిన్నపిల్ల కదా, కాస్త తగ్గిస్తే మంచిదేమో అనిపించింది. కప్పుని దీపానికెదురుగా పెట్టి, గీత దాకా పోసి పట్టాను. తాగి పడుకుంది. నేను మాత్రం సరిగ్గా పోశానా అని సీసా చేత్తో పట్టుకుని కూర్చునే ఉన్నాను.