దీక్షా శిబిరంలో అరటిపండు

మిత్రులారా, మొన్నటి నా ఘనకార్యం పత్రికలో అచ్చయిన సంగతి మీలో కొందరికి ఇప్పటికే తెలిసి ఉంటుంది. తెలియనివారు అదృష్టవంతులు! అయినా చెబుతాను. ఒకరికి నలుగురిలో కృతజ్ఞత చెప్పుకోవలసి ఉంది.

ఆ రోజు మహబూబ్‌నగర్ దవాఖానలో నా అర్ధాంగికి కంటి శస్త్రచికిత్స. ముందునాడే ఆమె మా అమ్మాయితో వెళ్లింది. రిపోర్టుల ఫైలు మాత్రం కొల్లాపూర్‌లో నా వ్యాకరణ గ్రంథాల నడుమ ఉండిపోయింది. పదకొండు లోపల అది అందకపోతే ఆపరేషన్ వాయిదా. బస్సులా, సమ్మెలో ఉన్నవి!

షేర్ ఆటోలో నాగర్‌కర్నూల్ దాకా బయలుదేరాను. దారి పొడవునా వాదమే. కూరగాయల గంప ఒళ్లో పెట్టుకున్న ఒకామె, "మా నోట్ల మన్నుగొట్టిండ్రు. గీ గంప ఎత్తుకొని యాడిదాక నడవాలె?" అంది.

"వాండ్లకు గూడ పిల్లజెల్ల ఉన్నరు గదక్కా" అన్నాడు ఆటో అతను.

"నీకేంది, సమ్మెతోని నీ ఆటో నిండుతాంది!"

నేను ఊరుకోవచ్చునా? "ఇది పరపీడనమే గాని పౌరుషం కాదు" అని తీర్పు చెప్పి గడియారం చూసుకున్నాను.

తొమ్మిదింటికి నాగర్‌కర్నూల్‌లో దిగాను. జీపులన్నీ మనుషులు వేలాడేటట్టు నిండి పోతున్నవి. డిపో పక్కసందులో నడుస్తుంటే ఒక షామియానా వెనుకభాగం కనబడింది. లోపల జంపఖానా, మైకు, పూలదండల బుట్ట. ముప్పై ఏండ్లుగా నేనెరిగిన లోకంలో ఈ మూడూ ఒకచోట ఉంటే అది సభే! వచ్చినవారిలో ఎవరికైనా మహబూబ్‌నగర్ పోయే కారు ఉండకపోతుందా అని లోపలికి అడుగుపెట్టాను.

నా శాలువా చూసి, "రండ్రి పంతులు సారూ, ముందల కూసోండ్రి" అన్నారు. దండ ఎత్తారు. దండ కనబడితే నా మెడ తనంతట తానే వంగుతుంది, అలవాటు. మైకు ఇచ్చారు. అదీ అలవాటే. "మీ సంకల్పం నెరవేరుగాక!" అని దీవించాను. జిందాబాద్‌లు మిన్నుముట్టాయి. ఏ సాహిత్యసభలోనూ ఇంతటి స్పందన ఎరుగను! ఆ ఆనందంలో ఆకలి గుర్తుకు వచ్చి, సంచిలోని అరటిపండు ఒలిచి కొరికాను. ఎదుట కెమెరా తళుక్కుమంది.

పక్కన దండతో కూర్చున్న నడివయసు మనిషి నా చెవిలో మెల్లగా అన్నాడు: "సారూ, గిది నిరాహార దీక్ష. మాపు నిమ్మరసం తాపిచ్చేదాక మనం ఏం దినొద్దు."

"ఎవరి దీక్ష నాయనా?"

"బస్సోళ్లది. నేను డ్రైవర్ యాదయ్యను. దండ ఏసుకున్నరు గద, ఇయ్యాల మీరు గూడ కూసున్నట్టే!"

మ్రింగనూ లేను, కక్కనూ లేను. చివరకు మ్రింగాను. భార్య, ఫైలు, పదకొండు గంటలు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాను. యాదయ్య తన దండ తీసి మరొకరి మెడలో వేసి, "నా జాగల నువ్వు కూసో" అని మోటారుసైకిలు తీశాడు.

దారిలోనైనా నా నోరు ఊరుకుందా? "మీవల్లనే కదయ్యా నాకీ అవస్థ!"

"మావల్లనే సారూ. అందుకే తీస్కపోతున్న. మా అవ్వ గూడ నిన్న దవాఖానకు నడిచే పోయింది. పోయేటప్పుడు నన్ను తిట్టింది, వచ్చినంక నాకు బువ్వ పెట్టింది."

ఆటోలో నేను చెప్పిన తీర్పు గుర్తుకు వచ్చింది.

పదకొండుకు పది నిమిషాల ముందు చేర్చాడు. చాయ్ తాగుమంటే, "దీక్షల ఉన్న గద సారూ" అని చేతులు జోడించి మళ్లిపోయాడు. జాగా వదిలాడు గాని దీక్ష వదలలేదన్నమాట! పచ్చి మంచినీళ్లు ముట్టనివాడు బండి నడిపితే, అరటిపండు తిన్నవాణ్ణి వెనుక కూర్చుని వచ్చాను.

మరునాడు కట్టు విప్పారు. మా ఆవిడ కొత్త చూపుతో మొదట చూసింది నన్ను కాదు, పక్కమంచం మీది పత్రికను. మెడలో దండ, నోట్లో పండు, పక్కన యాదయ్య, వెనుక 'నిరాహార దీక్ష' అని బ్యానరు!

"ఏకాదశి నాడు పది గొట్టకముందే పలారం అడిగే మనిషి, మీరు దీక్షల కూసున్నరా!" అని ఆమె నవ్విన నవ్వుకు నర్సు వచ్చి మందలించింది.

ఆ చూపు యాదయ్య చలవ. అందుకే ఆ ఫోటో కత్తిరించి నా సన్మానపత్రాల నడుమ గోడకు పెట్టించాను. అరటిపండు వరకు రంగు పూసి కప్పించుదామన్నాను.

ఆమె ఒప్పుకోలేదు. "ఉండనీయుండ్రి. నాకు అన్నిటికన్న సాఫ్‌గ కనవడుతున్నది అదే!"