ఏ అనుమానం నాది, ఏది థైరాయిడ్‌ది?

2015లో ఒక శుక్రవారం, గల్ఫ్‌లో మేముండే హమ్రియాలోని ఫ్లాట్‌లో ప్రార్థన జరుగుతోంది. నేను హాల్లోకి రాగానే గొంతులన్నీ తగ్గిపోయాయి. నా చేతిలో టీ కప్పు వణికింది. వీళ్లు నా గురించే మాట్లాడుకుంటున్నారని నాకు తేలిపోయింది.

ఆ ప్రార్థన పెట్టించింది నాతో ఉండే మెర్సీ. భీమవరం పిల్ల, నర్సు. నేను రుసైల్‌లో ఒక గోడౌన్ ఆఫీసులో పనిచేస్తాను. పుట్టుకతోనే అనుమానం మనిషిని. కూరగాయలవాడి తక్కెడను కూడా నమ్మను. అలాంటిదాన్ని, కొత్తగా ఏదో వచ్చిందని ఎలా కనిపెట్టను? ఎంత తిన్నా చిక్కిపోతున్నాను, నిద్ర లేదు. దానికీ కారణం దొరికింది: మెర్సీ కూరలో ఏదో కలుపుతోంది. నన్ను సాగనంపి, ఈ ఫ్లాట్‌లో తనవాళ్లను పెట్టుకోవాలని చూస్తోంది. నెలాఖరుకి తన గది ఖాళీ చెయ్యమన్నాను.

మెర్సీ నా మణికట్టు పట్టుకుంది. "పల్స్ నూట ఇరవై ఉందక్కా. బ్లడ్ టెస్ట్ చేయించుకో. రిపోర్టు నార్మల్ వచ్చిందనుకో, నా పెట్టె నేనే సర్దుకుని పోతాను."

"ఇప్పుడు నా రక్తం కూడా కావాలా నీకు?" అన్నాను. అయినా వెళ్లాను, ఆమెను పంపించడానికే.

డాక్టరు మన హైదరాబాదు ఆయనే. రిపోర్టు చూసి, "హైపర్‌థైరాయిడిజం. ఈ చికాకు, భయం, అనుమానం దానివల్ల కూడా రావచ్చు" అన్నారు.

"నా అనుమానాల్లో నావెన్ని, థైరాయిడ్‌వెన్ని?"

"అది రిపోర్టులో రాదమ్మా."

నా మనసు సంగతి నాకే తెలియదని ఒక కాగితం చెప్పడమా! గొణుక్కుంటూనే థైరాయిడ్‌ను తగ్గించే కార్బిమజోల్ మాత్రలు మొదలుపెట్టాను. చేతి వణుకు తగ్గగానే, ఇక నాకేం లేదని నేనే తీర్మానించి మానేశాను. కొన్ని వారాల్లోనే మళ్లీ గుండె దడ, మళ్లీ గిన్నెలు వాసన చూడడం. మెర్సీ ప్రతి పూటా ముందు తను ఒక ముద్ద తిని, తర్వాత నాకు వడ్డించింది.

మళ్లీ మాత్రలు వేసుకుని కుదుటపడ్డాక అడిగాను: "నిజం చెప్పు. ఆ శుక్రవారం నా గురించేగా?"

"నీ గురించేనక్కా. నీ పేరెత్తి ప్రార్థన చేశాం. నీకు చెప్తే ఊరుకుంటావా ఏంటి? మా పాస్టరమ్మను కూడా కడిగేస్తావు!"

అంటే అనుమానం నిజమే. దానికి నేను అల్లుకున్న కథే అబద్ధం. లోపల మాత్రం రెండూ ఒకే గట్టిదనంతో ఉండేవి. డిగ్రీ చదివినదాన్ని, వేరు చేయలేకపోయాను.

ఇప్పుడు మాత్ర వేసుకునే డ్యూటీకి వెళ్తున్నాను. మెర్సీ ఇంకా ఆ గదిలోనే ఉంది. అనుమానాలన్నీ పోలేదు, మిగిలినవి నా సొంతవేనని నా అనుమానం.

ఒక్క సలహా. ఎవరినైనా ఇంట్లోంచి పొమ్మనేముందు మీ మణికట్టు మీద వేళ్లుంచి నిమిషంసేపు లెక్కపెట్టండి. వేగంగా కొట్టుకుంటుంటే, నోరు మూసుకుని బ్లడ్ టెస్ట్‌కి వెళ్లండి. తోడుగా ఆ మనిషినే తీసుకెళ్లండి.