క్యోటోలో దిగని మా అత్తగారు

పోయిన వారం అమీర్‌పేట మెట్రో స్టేషన్లో ఒక రైలు దిగి ఇంకో రైలు కోసం మెట్లెక్కుతుంటే, ముందు నడుస్తున్న ఒక అమ్మాయి గుడ్డ సంచి మీద, నెత్తిన మంచు కప్పుకున్న కొండ బొమ్మ కనబడింది. మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి గబగబా ఆ పిల్లని అందుకుని, అది ఫ్యూజీ కొండ కదూ అని అడిగాను. "అవును ఆంటీ, నేను గిక్కడనే జపాన్ భాష క్లాసులకి పోతున్న. మీరు చూసిన్రా ఏంది?" అంది. చూశానమ్మా అని ఒక్క ముక్కతో ఊరుకుంటే నేనెందుకవుతాను! రెండు రైళ్ళు వదిలేసి ఆ పిల్లని ప్లాట్‌ఫారం మీదే నిలబెట్టి సగం కథ చెప్పేశాను. మిగతా సగం కడుపులో నిలవక, ఇదిగో, మీతో చెప్పుకుంటున్నాను.

మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పంజాగుట్ట చౌరస్తాలో ఇంకా ఫ్లైఓవర్ లేని రోజులు. ఆ దగ్గర్లో ఒక పుస్తకాల కొట్టు పైన, జనాన్ని విదేశీ యాత్రలకి తీసుకెళ్ళే చిన్న ఆఫీసొకటి ఉండేది. పెళ్ళయి బందరు నుంచి వచ్చి మధురానగర్‌లో కాపురం పెట్టిన మూడో ఏట నేను అందులో టైపిస్టుగా చేరాను. మూడో రోజు ఫ్యూజీ పర్వత సందర్శనం, నాలుగో రోజు బుల్లెట్ రైల్లో క్యోటో ప్రయాణం, ఆరో రోజు నారాలో జింకల వనం అంటూ ఆ యాత్రా పత్రాన్ని ఎన్నిసార్లు టైపు చేశానో లెక్కలేదు కానీ, నేను మాత్రం తిరుపతి దాటి ఎరగను.

అలాంటిది, ఒకసారి జపాన్ యాత్రకి సరిగ్గా నెల రోజుల ముందు, జనాన్ని వెంటబెట్టుకుని వెళ్ళే మా టూరు మేనేజరు స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. మా ఆఫీసు యజమాని అటూ ఇటూ చూసి నా బల్ల ముందుకొచ్చి, ఆ దారి నీకంటే బాగా ఎవరికి తెలుసమ్మా, నువ్వే వెళ్ళు అన్నారు. నా గుండె టైపు మిషను కంటే వేగంగా కొట్టుకుంది. నా పాస్‌పోర్టు సంగతి ఆఫీసు వాళ్ళే చూసుకుంటామన్నారు. మా ఆయన సరేనన్నారు. మా అత్తగారు మాత్రం చేతిలోని చేట పక్కన పెట్టి, "పరాయి మనుషులతో పదిహేను రోజులు ఒంటరిగానా? అయితే నేనూ వస్తాను" అన్నారు. కొలంబోలో ఉన్న తమ్ముణ్ణి చూద్దామని ఎప్పుడో తీయించుకుని వాడకుండా దాచుకున్న పాస్‌పోర్టు ఆవిడ దగ్గరుంది. యాత్రలో ఒకరెవరో మానుకోవడంతో చోటూ దొరికింది. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటే తప్ప పంజాగుట్ట చౌరస్తా దాటని మనిషి నాకు కాపలాగా జపాను బయలుదేరారు. ఆవిడ రాకపోతే ఎంత బాగుండునని నేను మనసులో అనుకోకపోలేదు.

యాత్రికులు ఇరవై మంది. మాతో యూసుఫ్‌గూడ నుంచి ఒక వంట భాయ్ కూడా వచ్చాడు. ఆ రోజుల్లో మన భోజనం లేనిదే మనవాళ్ళు కదిలేవారు కాదు కాబట్టి, బియ్యం దగ్గర్నుంచి చింతపండు దాకా సర్దుకుని వచ్చి, హోటళ్ళ వాళ్ళని బతిమాలుకుని ఏ మూలో వండిపెట్టేవాడు. అత్తగారు మడి అంటూ అతని వంట ముట్టకుండా తను తెచ్చుకున్న అటుకులతో, సున్నుండలతో గడిపారు. విమానం దిగగానే, తప్పిపోతే పనికొస్తుందని జపాను లిపిలో హోటలు పేరు రాసిన చీటీ అందరికీ పిన్నుతో గుచ్చాను. అత్తగారు దాన్నీ ఒప్పుకోలేదు. "నేనేమన్నా పోస్టు పార్సిలునా?" అన్నారు.

టోక్యోలో మనిషి కంటే పెద్దదైన ఎర్ర లాంతరు వేలాడే గుడి చూశాం. గుడి ముందు పెద్ద గంగాళంలో అగరొత్తులు గుత్తులు గుత్తులుగా వెలుగుతుంటే అక్కడి వాళ్ళు ఆ పొగని చేతులతో తల మీదకి తోసుకుంటున్నారు. అత్తగారు నన్నడక్కుండానే ముందుకెళ్ళి హారతిలా కళ్ళకద్దుకున్నారు. మర్నాడు ఫ్యూజీ చూడ్డానికి వెళితే రోజంతా మబ్బే. చెరువు ఒడ్డున చలికి వణుకుతూ తెల్లటి శూన్యాన్ని చూసి తిరిగొచ్చాం. ఇన్నేళ్ళు టైపు చేసిన కొండ నాకు మొహం చూపించలేదని ఏడుపొచ్చినంత పనయింది.

ఆ మర్నాడు బుల్లెట్ రైల్లో క్యోటో వెళుతుంటే, ఫ్యాక్టరీ గొట్టాల వెనక నుంచి, ఏ మబ్బూ లేని ఆకాశంలో, ఒక్కసారిగా లేచి నిలబడింది! అదిగో అని నేను పెట్టిన కేకకి పెట్టెలో ఉన్న జపాను వాళ్ళందరూ తలలు తిప్పారు. నా పది వేళ్ళకీ అంత బాగా తెలిసిన కొండని నా కళ్ళు మొదటిసారి చూస్తున్నాయి. మా సీట్లు అవతలి వైపు కావడంతో అత్తగారు ఇంకాస్త బాగా చూద్దామని పక్క పెట్టెలోకి వెళ్ళి, కిటికీ పక్కనున్న ఒక జపాను ముసలావిడ చోటిస్తే కూర్చుండిపోయారు. కాసేపాగి వెళ్ళి చూస్తే ఇద్దరూ కమలాపళ్ళు ఒలుచుకుంటున్నారు. క్యోటో రాగానే పిలుస్తానని చెప్పి వచ్చేశాను.

పిలవలేదు. క్యోటో వచ్చేసరికి ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారి పెట్టె పైఅరలో ఇరుక్కుంది. ఆ రైలు నిలిచేది ఒకటి రెండు నిమిషాలే. లాగి, తోసి, అందర్నీ దింపి లెక్కపెడితే పంతొమ్మిదిమంది. తలుపులు మూసుకున్నాయి. కదిలిపోతున్న కిటికీలోంచి, నోట్లో కమలా తొనతో, మా అత్తగారు నన్ను చూసి సంతోషంగా చెయ్యి ఊపారు.

చీటీ లేదు, భాష రాదు, చేతిలో ఫోను అనే వస్తువు అప్పటికి ఎవరికీ లేదు. వంట భాయ్ నా పక్కకొచ్చి, "జర ధైర్యంగుండుండ్రి మేడం. గీళ్ళందర్నీ నేను చూసుకుంట. మీరు పోయి అమ్మను తోల్కరాండ్రి" అన్నాడు. స్టేషను ఉద్యోగి దగ్గరికి పరుగెత్తి, నా ఇంగ్లీషు ఆయనకి అర్థం కాకపోతే, కాగితం మీద చీర, ముడి, పెద్ద బొట్టు ఉన్న ఆడమనిషి బొమ్మ గీసి, పక్కన రైలు గీసి, దండం పెట్టాను. ఆయన నవ్వకుండా ఆ బొమ్మని చూసి, ఎవరికో ఫోను చేసి, తరవాతి రైలు చూపించి నన్ను దగ్గరుండి ఎక్కించారు. తరవాతి స్టేషను ఒసాకా, పావుగంట దూరం. రాకపోతే బాగుండునని అనుకున్న నా మనసుని ఆ పావుగంటా తిట్టుకుంటూనే ఉన్నాను.

ఒసాకా ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద ఇద్దరు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. ఒకావిడ తెలుగులో, ఒకావిడ జపాను భాషలో, ఎడతెరిపి లేకుండా మాట్లాడుకుంటున్నారు. నేను వెళ్ళి అత్తగారిని పట్టుకుని బావురుమన్నాను.

"ఏంటే ఆ ఏడుపు? తప్పిపోయింది నువ్వు. నేనిక్కడే ఉన్నాగా" అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "ఈవిడ హిరోషిమా వెళ్ళాలి. అక్కడ కూతురు ఎదురుచూస్తూ ఉంటుంది. నన్నొక్కదాన్నీ వదల్లేక తనూ దిగిపోయింది, పాపం" అన్నారు.

అదంతా మీకెలా తెలిసిందని అడిగాను.

"చెప్పిందిగా!"

పక్కనున్న స్టేషను ఉద్యోగిని నా వచ్చీరాని ఇంగ్లీషులో అడిగితే, అక్షరం పొల్లుపోకుండా నిజమని తేలింది. వచ్చిన రైల్లో ఆవిణ్ణి ఎక్కించి, అత్తగారు తన సున్నుండల డబ్బా డబ్బాగానే ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ వంగి నమస్కరించింది, ఈవిడా వంగారు, ఆవిడ మళ్ళీ వంగింది. తలుపులు మూసుకునేదాకా అదే పని.

ఆ సాయంత్రం క్యోటోలో, డబ్బా ఇచ్చేశారు కాబట్టో, ఇంకెందుకో, అత్తగారు వంట భాయ్ ముందుకెళ్ళి పళ్ళెం చాపారు. అతను రెండు గరిటెల చారు పోశాడు. "మిరియాలు బాగా పడ్డాయి నాయనా" అన్నారు. మర్నాడు కొండ పైదాకా వరసగా నిలబెట్టిన వేలాది నారింజ రంగు ద్వారాల కింద అందరికంటే ముందు ఆవిడే నడిచారు. నారాలో జింకలు బిస్కట్ల కోసం తల వంచి దండం పెడుతుంటే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. కాపలాకి వచ్చిన సంగతి పూర్తిగా మరిచిపోయారు.

తిరిగొచ్చిన నెలకి, ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం. పొద్దు వాలే వేళకి ఆవిడ తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, సిటీ బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళొచ్చానన్నారు. ఎందుకని అడిగితే, అక్కడేముందో చూద్దామని, అన్నారు. తరవాత వారానికొకసారి అదే పని. అలా ఒక్కత్తే ఈ ఊరంతా చూశారు. ఏ చెరువు గట్టున ఏ దర్గా ఉందో, ఎక్కడ జామపళ్ళు బావుంటాయో, పుట్టినప్పటి నుంచి ఇక్కడే ఉన్నవాళ్ళకి ఆవిడ చెప్పేవారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆఫీసు ఉన్న మేడా లేదు. ఇప్పుడు మా చుట్టాల పిల్లలు జపాను వెళుతూ, ఆ ద్వారాలనీ జింకలనీ ఫోనులో ముందే చూసేసి, ఏ మెట్టు మీద నిలబడి ఫోటో తీసుకోవాలో కూడా రాసుకుని వెళుతున్నారు. ఎవరూ తప్పిపోరు, మంచిదే. నేను పడ్డ ఆ పావుగంట పగవాళ్ళకి కూడా వద్దు. అయినా, మా అత్తగారు ఒకసారి నా ముందే పంజాగుట్టలో బస్సెక్కి కండక్టరుతో, "ఇది ఎక్కడిదాకా పోతే అక్కడికివ్వు నాయనా" అని టికెట్టు అడిగిన గొంతు గుర్తొచ్చినప్పుడల్లా, అలా అడిగేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఎవరైనా ఉన్నారా అని నాకు నేనే అడుగుతుంటాను.