ఎండలో కాగిన తూటాలు

1993 ఏప్రిల్‌లో మస్కట్ శివారు అజైబాలోని ఒక ప్రైవేటు వర్క్‌షాపులో హెడ్ ఆర్మరర్‌గా చేరాను. తుపాకులను విప్పి, సరిచేసి, పరీక్షించి, పనికొస్తుందని సంతకం పెట్టేవాణ్ణి ఆర్మరర్ అంటారు. అంతకుముందు పద్దెనిమిదేళ్లు మన సైన్యంలో అదే పని చేసి హవల్దారుగా పింఛను పుచ్చుకున్నాను. వర్క్‌షాపు యజమాని ఒమానీ. లైసెన్సు ఉన్న వేటగాళ్ల తుపాకులే మా దగ్గరకు వచ్చేవి. పికప్ నడపడానికీ స్టోరు చూడటానికీ జగిత్యాల వైపు నుంచి వచ్చిన రాజమల్లు ఉండేవాడు. నా సంతకమంటే నాకు మహా గర్వం. నేను ‘ఫిట్’ అని స్లిప్పు రాస్తే ఇంకెవరూ వేలు పెట్టనక్కర్లేదని బాహాటంగానే అనేవాణ్ణి.

ఆగస్టులో ఖల్ఫాన్ అనే పెద్దమనిషి వచ్చాడు. అరవై దాటిన మనిషి. అల్ ఖువైర్‌లోని ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరయి, సమాయిల్‌లో ఖర్జూరపు తోట చూసుకుంటున్నాడు. పుట్టి పెరిగింది జాంజిబార్‌లో. మాతో హిందీ ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. అక్టోబరులో టాంజానియాలో అడవిదున్న వేటకు వెళ్తున్నానని, ఒకే ఒక్క తుపాకీ తీసుకెళ్తానని, అది ఏదో నేనే చెప్పాలని అడిగాడు.

సాధారణంగా వచ్చేవాళ్లు బట్టు, అంటే భుజానికి ఆనించే కర్ర, నునుపు చూస్తారు, చెక్కడాలు చూస్తారు. ఈయన అవేమీ చూడలేదు. కుర్చీలో కూర్చుని జుమా సంగతి చెప్పాడు. ఖల్ఫాన్ పుట్టినప్పుడు తల్లికి జబ్బు చేస్తే పక్కింటి ఆఫ్రికా తల్లి తన బిడ్డతో పాటు ఈయనకూ పాలిచ్చిందట. ఆ బిడ్డే జుమా. వాళ్ల ధర్మం ప్రకారం ఒక తల్లి పాలు తాగితే సొంత అన్నదమ్ముల కింద లెక్క. ఇప్పుడు జుమా రూఫిజీ నది అడవుల్లో వేటగాళ్లకు జాడ తీసే పని చేస్తున్నాడు.

“మా అన్న నాకు పది అడుగుల ముందు నడుస్తాడు. చేతిలో కర్ర తప్ప ఏమీ ఉండదు. దున్న తిరగబడితే ముందు దొరికేది ఆయనే. అది మనసులో పెట్టుకుని చెప్పు, ఉస్తాద్,” అన్నాడు.

విమానంలో వేటకు వెళ్లేవాడి తుపాకీని ఎంచడంలో లెక్కలు వేరు. రెండు మూడు విమానాలు మారాలి, చివరికి జీపు ఎక్కాలి. కాబట్టి ఒకటే తుపాకీ, ఒకటే గట్టి పెట్టె, దానికి రెండు తాళాలు. తూటాను గొట్టంలోకి తోసి, కాల్చాక ఖాళీదాన్ని బయటికి లాగే బోల్ట్‌ను ఊడదీసి అదే పెట్టెలో విడిగా కట్టాలి. తూటాలు వేరే పెట్టెలో, ఐదు కిలోలకు మించకుండా వెళ్లాలి. రోజంతా భుజాన మోయాలి గనుక నాలుగు కిలోలు దాటితే నడుం పడిపోతుంది. దున్నకు త్రీ సెవెంటీ ఫైవ్ అనే లావు కంటే సన్న గుండును అక్కడి చట్టం ఒప్పుకోదు. ఇన్ని జల్లెళ్లు పట్టాక నా దగ్గర రెండు మిగిలాయి. ఒకటి సరికొత్తది. రెండోది ఒక ఇంగ్లీషు ఇంజనీరు స్వదేశానికి పోతూ అమ్మేసిన పాతది, రంగు వెలిసినది. గుండు లావు రెండింటిదీ ఒకటే. కొత్తదాని తూటాలో మందు ఎక్కువ, అందుకని గుండు వేగంగా, వంపు లేకుండా పోతుంది. పాత తుపాకీ మీద నాకు చిన్నచూపు. కొత్తదే ఎంచాను.

కాల్పుల పరీక్ష చేసే రేంజిలో వంద మీటర్ల దూరంలో దాని మూడు గుండ్లూ రూపాయి బిళ్ళంత చోటులో పడ్డాయి. మురిసిపోయి ‘ఫిట్’ స్లిప్పు మీద సంతకం గీకేశాను.

ఒక్క పరీక్ష మిగిలింది, అది నా సొంత ఆచారం. విమానాశ్రయంలో కూలీలు పెట్టెను ఎత్తిపడేస్తారు కదా, ఆ కుదుపులకు పైనున్న టెలిస్కోప్ జరుగుతుంది. అందుకే పెట్టెకు తాళం వేసి, పికప్‌లో పడేసి, సమాయిల్ అవతల గులకరాళ్ల దారిలో రెండు గంటలు తిప్పించేవాణ్ణి. తరువాత ఏమీ సర్దకుండా ఒక్క గుండు కాల్చాలి. ఆ మొదటి గుండు ఎక్కడ పడిందన్నదే నాకు ముఖ్యం.

సెప్టెంబరులో ఒక రోజు ఆ పనికి బయల్దేరాం. పాత తుపాకీ కూడా పోల్చి చూపడానికి వెంట వచ్చింది. తూటాలను నేను ఎప్పుడూ ఏసీ స్టోరులోంచి తీసి, థర్మోకోల్ డబ్బాలో చల్లగా రేంజికి తెచ్చేవాణ్ణి. వేడిలో తేడా వస్తే గుండు పడే చోటు మారుతుంది, నా రూపాయి బిళ్ళ చెదిరిపోతుంది. ఆ డబ్బా రాజమల్లుకు అప్పగించి నేను ఖల్ఫాన్ కారులో వెళ్లాను.

మధ్యాహ్నం రెండింటికి రేంజిలో డబ్బా తెరిస్తే లోపల లబన్ సీసాలున్నాయి. లబన్ అంటే ఇక్కడి మజ్జిగ. తూటాల అట్టపెట్టెలు రెండూ పికప్ అద్దం కింద డాష్‌బోర్డు మీద పొద్దుట్నుంచీ ఎండలో కాగుతున్నాయి. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. రాజమల్లును నోటికొచ్చినట్టు తిట్టాను.

“లబన్ పులుస్తదని గండ్ల వెట్టిన సార్. తూటాలకేమైతది, గవి ఇత్తడియే గద?” అన్నాడు వాడు.

పరీక్ష మరోరోజుకు వాయిదా వేద్దామన్నాను. ఖల్ఫాన్ ఒక తూటా అరచేతిలో దొర్లించి చూశాడు.

“అక్టోబరులో అక్కడా ఇదే ఎండ. జీపులో, నా నడుం పట్టీలో ఉండే తూటాలకు ఏసీ ఎవరు పెడతారు, ఉస్తాద్?”

నిబంధన ప్రకారం ఆపాల్సింది. నా తుపాకీకి ఇదొక లెక్కా అన్న పొగరు ఆపనివ్వలేదు. కళ్ళద్దాలు పెట్టించి కానిమ్మన్నాను.

గుండు సరిగ్గా నడిమి వలయంలో పడింది. ఖల్ఫాన్ రెండో గుండుకు బోల్ట్ ఎత్తబోయాడు. అది కదల్లేదు. మళ్ళీ లాగాడు, అరచేత్తో కొట్టాడు, బిగుసుకుపోయింది. గొట్టాన్ని గురి వైపే ఉంచి తుపాకీని బల్ల మీద పడుకోబెట్టి, గొంతు పెంచకుండా అన్నాడు.

“ఈపాటికి జుమా పోయాడు.”

కాసేపు ఆగి, కర్ర సుత్తితో తట్టితే గానీ బోల్ట్ లేవలేదు. ఖాళీ తూటా అడుగున, మందుకు నిప్పు రాజేసే క్యాప్ పళ్ళెంలా చదునైపోయి ఉంది, ఇత్తడి మీద రాపిడి గీత మెరుస్తోంది. మందు వేడెక్కితే కాలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది, ఇత్తడి ఉబ్బి గొట్టం గోడకు కరుచుకుంటుంది. ఇది నాకు తెలియని విద్య కాదు. సైన్యంలో కుర్రాళ్లకు పాఠం చెప్పినవాణ్ణి. చల్లని తూటాలతో పరీక్షలు చేసి చేసి, ఆ పాఠాన్ని నేనే డబ్బాలో పెట్టి మూత వేసుకున్నాను.

పాత తుపాకీ తీసి ఆయనకే ఇచ్చాను. దాని తూటాలూ అంతే కాగి ఉన్నాయి. ఐదు గుండ్లు కాల్చాడు. ప్రతిసారీ బోల్ట్ రెండు వేళ్లకే లేచి వచ్చింది. ఆయన బట్టు భుజం మీంచి తీయలేదు, కన్ను గురి మీంచి తిప్పలేదు. అరవై దాటిన ఆ చేతులు అంత తొందరలోనూ తడబడకపోవడం చూస్తూ నేను లెక్కపెట్టడం మరిచిపోయాను. “మల్ల గొట్టుమనుండ్రి సార్, సూడబుద్దయితుంది,” అన్నాడు రాజమల్లు మెల్లగా.

ఆ ఖాళీ తూటాలు ఏరి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. పొడవాటి ఒళ్లు, పైకి పోయేకొద్దీ సన్నబడే వాలు. అందుకే కాస్త వెనక్కి జరిగితే చాలు, గోడ వదిలేస్తుంది. మందు కూడా ఒత్తిడి మితంగా ఉండేలా కొలిచి పోసిందే. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, ఏసీలు లేని రోజుల్లో, మన దేశపు ఎండా ఆఫ్రికా ఎండా ఎరిగినవాళ్లెవరో కాగితం మీద గీసిన వాలు అది. దాన్ని ఇన్నేళ్లు ముసలి సరుకని ఈసడించాను. ఆ పనితనం ముందు నా పద్దెనిమిదేళ్ల అనుభవం చాలా చిన్నదిగా కనిపించింది.

మర్నాడు నా స్లిప్పు నేనే కొట్టేసి ‘అన్‌ఫిట్’ అని రాసి, కారణం కింద నా తప్పు కూడా రాశాను. యజమాని చదివి దాన్ని ఫైలులో పెట్టాడు. పాతదాని మీద పెద్ద టెలిస్కోప్ బదులు చిన్నది, మీట తిప్పితే ఊడివచ్చే బిగింపులతో పెట్టాను. అది పగిలినా పనికొచ్చేలా గొట్టం మీది ఇనుప గురిని సరిచేశాను. టెలిస్కోప్‌ను ఇరవైసార్లు ఊడదీసి పెట్టినా గుండు చోటు మారలేదు. గులకరాళ్ల దారిలో మళ్ళీ తిప్పించి, ఎండలో కాచిన తూటాలతో మళ్ళీ కాల్పించాను. ఈ తూటా పాత నమూనాది కావడంలో ఇంకో సుఖం ఉంది. విమానంలో తూటాల పెట్టె పోయినా అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది.

అక్టోబరులో ఖల్ఫాన్ వెళ్లాడు.

డిసెంబరులో ఆయన వర్క్‌షాపుకు వచ్చాడు. వెంట పొడుగ్గా, నెరిసిన గడ్డంతో ఒక ముసలాయన. మక్కాకు ఉమ్రా యాత్రకు తీసుకెళ్తూ దారిలో మస్కట్‌లో దింపాడట. ఎవరని నేను అడగలేదు, అడగాల్సిన పని కూడా లేకపోయింది. జుమా నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని స్వాహిలీలో జరిగింది చెప్తుంటే ఖల్ఫాన్ మాటకు మాట మాకు చెప్పాడు. మొదటి గుండు తగిలాక దున్న పొదలోంచి నేరుగా జుమా మీదికి వచ్చింది. రెండో గుండుకు మోకాళ్ల మీద పడి మళ్ళీ లేచింది. మూడో గుండుకు పడిపోయింది. ఎంత దూరంలో పడిందో చూపించడానికి జుమా నా బల్ల దగ్గర నిలబడి తలుపు వైపు నడిచాడు. ఐదడుగులు వేసి ఆగాడు.

తరువాత నేను మొదట ఎంచిన తుపాకీని చూపించమన్నాడు. సిగ్గు చంపుకుని తెచ్చి చేతికిచ్చాను. బోల్ట్ ఒకసారి ఎత్తి, దించి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టి ఒక మాట అన్నాడు. ఖల్ఫాన్ దాన్ని మాకు చెప్పాడు.

“ఇది అక్కడికి రాలేదు కాబట్టి నేను ఇక్కడికి వచ్చాను, అంటున్నాడు.”

ఆ తరువాత మస్కట్‌లో ఆరేళ్లు పనిచేశాను. వేటకు వెళ్లే ఏ తుపాకీకీ చల్లని తూటాతో సంతకం పెట్టలేదు. పరీక్ష గొప్పగా వచ్చినప్పుడల్లా, ఇందులో నా తుపాకీ పనితనమెంత, నేను దానికి కల్పించిన సుఖమెంత అని ముందు నన్ను నేను అడిగేవాణ్ణి. జవాబు తెలిసేదాకా కలం తీసేవాణ్ణి కాదు.