పసుపు రాశి దగ్గర బాపు చెప్పిన అలంకారాలు

మొన్న మనవరాలు తెలుగు పుస్తకం తెచ్చి, ఉపమకూ ఉత్ప్రేక్షకూ తేడా ఏమిటని అడిగితే, నా చెయ్యి నాకు తెలియకుండానే పసుపు కొమ్ముల డబ్బా మీదికి పోయింది. అలంకారాల పాఠమంటే ఇప్పటికీ భయపడే నా ఈడు వాళ్లకు ఈ సంగతి చెప్పుకోవాలనిపించింది.

పదో తరగతిలో నాకు లక్షణాలు బట్టీ వచ్చేవి గానీ, ఉదాహరణలు ససేమిరా గుర్తుండేవి కావు. తెలుగులో తప్పితే చదువు బందేనని, బీడీల చాట ఒళ్లో పెట్టుకోవలసిందేనని అమ్మ ముందే చెప్పి, చాట కూడా తెచ్చిపెట్టింది. బీడీలు చుట్టి మమ్మల్ని నలుగురిని సాకిన మనిషి, ఆమెను తప్పుపట్టలేను. కానీ గోడకు ఆనించిన ఆ చాటను చూస్తే నాకు ఏడుపొచ్చేది.

బాపు, అంటే మా నాన్న, పసుపు అమ్మే రోజుల్లో ఆర్మూరు మార్కెట్‌కు సద్ది నేనే తీసుకుపోయేదాన్ని. సరుకు కొనే ఖరీదుదారు రాశి ముందు నిలబడగానే బాపు ఒక కొమ్మును పుటుక్కున విరిచి, "లోపల జూడు సేటు, గుడ్డు సొన లెక్క ఉన్నది" అని మొదలుపెట్టేవాడు. ధర కదలకపోతే, పొద్దుగాల సూర్యుడే ముక్కలై పడ్డడేమో అనేవాడు. అప్పటికీ కదలకపోతే, "గీ ఒక్క కొమ్ము బాయిల ఏస్తె పెర్కిట్ దాక నీళ్లు పచ్చగైతయి" అనేవాడు. బావిలో వేసిన కొమ్ముకు పక్క ఊరు పెర్కిట్ దాకా నీళ్లు మారడమేమిటని చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతుంటే నేను సిగ్గుతో తల దించుకునేదాన్ని.

పరీక్షలో ఉపమ, ఉత్ప్రేక్ష, అతిశయోక్తి మూడింటికీ ఉదాహరణలు రాయమన్నారు. పుస్తకంలోనిది ఒక్కటీ గుర్తు రాక కలం పక్కన పెట్టబోతుంటే, ఎక్కడినుంచో బాపు గొంతు వినిపించింది. సొనతో పోల్చాడు, సూర్యుడేమోనని ఊహించాడు, పెర్కిట్ దాకా గోరంతను కొండంత చేశాడు. ఆ మాటలనే కాస్త పుస్తకాల భాషలోకి మార్చి రాసేశాను, పెర్కిట్‌ను మాత్రం మార్చలేదు. ఇంటికొచ్చాక, ఆ జవాబులు కొట్టేస్తారేమోనని రెండు రోజులు అన్నం సహించలేదు.

పాసయ్యాను. అమ్మ ఆ చాటను చిన్నమ్మకు ఇచ్చేసింది. నేనేం రాశానో చెబితే బాపు, "గట్లయితె నేను గుడ పాసైనట్టేనా బిడ్డా?" అన్నాడు. ఆ తర్వాత నేను చదివిన చదువుకూ, చేసిన అంగన్‌వాడీ ఉద్యోగానికీ, నేను తల దించుకునేలా చేసిన ఆ నోటికే రుణపడి ఉన్నాను.

నిన్న మనవరాలిని మార్కెట్‌కు తీసుకుపోయాను. ధర ఇప్పుడు ఖరీదుదారులు ఫోన్లలోనే పాడుతున్నారు, మోసం తగ్గింది, మంచిదే. రైతులు రాశుల పక్కన మాటా పలుకూ లేకుండా నిలబడి గోడ మీది ధరల తెర వైపు చూస్తున్నారు. ఒక కొమ్ము విరిచి మనవరాలి చేతిలో పెట్టి, ఎట్ల ఉన్నదో చెప్పమన్నాను. తిప్పి తిప్పి చూసి, "పసుపు లెక్కనే ఉన్నది అమ్మమ్మా" అంది.

బాపు ఉంటే, సరైన పోలిక దొరికేదాకా పొద్దుగూకినా ఆ పిల్లను కదలనిచ్చేవాడు కాదు.